కార్డు మీద ఆఖరి తారీఖు దాకా వెళ్ళండి

పేరెంట్స్ అందరికీ నమస్కారం,

పరీక్షల టైంటేబులు, ఫీజు తారీఖులు అన్నీ నోటీసు బోర్డులో పెట్టేశాం, అక్కడ చూసుకోండి, ఈసారి లెటర్ మొత్తం కుక్క కాటు ఇంజెక్షన్ల గురించే రాస్తున్నా. కుక్క కరిస్తే ఆస్పత్రికి వెళ్ళాలని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, కరిచిన రోజు ఇంటిల్లిపాదీ కంగారుపడి పిల్లల్ని తీసుకుని పరిగెడతారు, మొదటి సూది వేయిస్తారు, రెండోదానికీ వెళ్తారు. మూడోదాని దగ్గరకొచ్చేసరికి కొంచెం కొంచెంగా జారిపోవడం మొదలవుతుంది, ఇక ఆఖరిదైతే చాలా ఇళ్ళల్లో గుర్తే ఉండదు.

ఈ మధ్య ఒక పిల్లాడి డైరీలో మడిచి పెట్టిన టీకా కార్డు కనిపించింది. మొదటి రెండు గళ్ళలో తారీఖు, స్టాంపు, సంతకం అన్నీ ఉన్నాయి. మూడో గడిలో తారీఖు ఒక్కటే ఉంది, పక్కన సంతకం లేదు, ఆ తారీఖు ఎప్పుడో దాటిపోయింది. ఎక్కడ కరిచింది నాన్నా అంటే ప్యాంటు పైకి లాగి పిక్క చూపించాడు, తెల్లగా రెండు చుక్కలు తప్ప ఏం లేదు. "మానిపోయింది కదా మేడం, ఇంక అక్కర్లేదన్నారు" అన్నాడు. వాడేం చేస్తాడు పాపం, ఇంట్లో విన్నమాటే చెప్పాడు.

సరిగ్గా ఈ "మానిపోయింది కదా" గురించే నా బాధ. ఆ సూదులు గాయం మానడానికి కాదండీ, కుక్క కాటుతో వచ్చే రేబీస్ అనే జబ్బు రాకుండా ఆపడానికి. గాయం దానంతటదే మానుతుంది. రేబీస్ వైరస్ జంతువు లాలాజలంలో ఉంటుంది, కాటు దగ్గర లోపలికి దిగి నరాల వెంట మెల్లగా మెదడు వైపు పాకుతుంది. పైన చర్మం మూసుకుపోయి మచ్చ కూడా మాసిపోయాక కూడా లోపల అది వెళ్తూనే ఉండొచ్చు. మామూలుగా 2 నుంచి 3 నెలలకి లక్షణాలు బయటపడతాయి, కొందరిలో వారానికే రావచ్చు, కొందరిలో ఏడాది పట్టొచ్చు. జ్వరం, కాటు చోట తిమ్మిరి, మంట, తర్వాత నీళ్ళు చూస్తేనే గొంతు పట్టేయడం... అక్కడిదాకా వచ్చాక దాదాపు ఎవరూ బతకరు, ఎంత పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళినా అంతే. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, ఇంత ఘోరమైన జబ్బుని ముందే పూర్తిగా ఆపగలిగే మందు చేతిలో ఉంటే దాన్ని సగంలో వదిలేస్తున్నామే అని. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 59,000 మంది దీంతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అనుమానం ఉన్న జంతువులు కరిచినవాళ్ళలో దాదాపు 40 శాతం 15 ఏళ్ళ లోపు పిల్లలే. అంటే మన దగ్గర చదువుకునే వయసువాళ్ళే.

ఒక్క సూది పడింది కదా, కొంతైనా పనిచేస్తుంది కదా అని ఒక నాన్నగారు అడిగారు. ఇదొక పరుగు పందెం అనుకోండి, ఒకవైపు వైరస్, ఇంకోవైపు మన ఒంట్లో తయారయ్యే రక్షణ. టీకా పడగానే ఆ రక్షణ వచ్చెయ్యదు, వారం పది రోజులు పడుతుంది, తర్వాత సూదులు దాన్ని పెంచి గట్టిగా నిలబెడతాయి, అందుకే ఆ రోజులు లెక్కపెట్టి మరీ ఇస్తారు. కాటు లోతుగా ఉండి రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ, గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకో మందు కూడా ఎక్కిస్తారు, టీకా పని మొదలుపెట్టేలోపు అది కాపలా కాస్తుంది. ఇది మొదటి రోజే వేయించుకోవాలి, ఏ కారణంతోనైనా ఆలస్యమైతే మొదటి టీకా నుంచి 7 రోజుల లోపే వేస్తారు, ఆ తర్వాత ఇవ్వరు. పిల్లలు పొట్టిగా ఉంటారు కాబట్టి మొహం మీద, తల మీద, చేతుల మీద కాట్లు పడే అవకాశం ఎక్కువ, అక్కడ్నుంచి మెదడు దగ్గర, కాబట్టి వాళ్ళ విషయంలో రేపు చూద్దాంలే అనడానికి అసలు వీల్లేదు.

ఇక తారీఖుల సంగతి. ఆస్పత్రిని బట్టి, టీకా ఎలా ఇస్తారన్నదాన్ని బట్టి షెడ్యూలు మారుతుంది. కండలోకి ఇచ్చేదైతే చాలాచోట్ల 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి ఇచ్చేదైతే 0, 3, 7, 28 రోజుల్లో, కొన్నిచోట్ల ఇంకా తక్కువ రోజుల్లోనే అయిపోతుంది. అందుకని పక్కింటి పిల్లకి మూడే వేశారు మా వాడికి అయిదెందుకు అనే లెక్కలు పెట్టుకోకండి, మీ కార్డు మీద ఏం రాసుంటే అదే. చాలామంది తికమక పడేది ఆ సున్నా దగ్గర. 0 అంటే కుక్క కరిచిన రోజు కాదు, మొదటి సూది పడిన రోజు. అది సోమవారం అయితే రెండోది గురువారం, అక్కడ్నుంచి మిగతావన్నీ మళ్ళీ సోమవారాలే వస్తాయి, ఏ వారం మొదలుపెడితే ఆ వారమే. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకున్నా సగం మరుపు పోతుంది.

తారీఖు దాటిపోతే ఏం చెయ్యాలి? వెళ్ళండి, అంతే. ఆలస్యంగా వెళ్తే డాక్టరు తిడతారేమో, మళ్ళీ మొదటి నుంచి అన్నీ వేస్తారేమో అని మానేసేవాళ్ళున్నారు. మామూలుగా ఆగినచోట నుంచే కొనసాగిస్తారు, మొదటి నుంచి వెయ్యరు. తిట్టినా రెండు మాటలు పడండి, పిల్లాడి కన్నా ఎక్కువేం కాదు కదా.

కుక్క బాగానే తిరుగుతోంది మేడం అనేది ఇంకో మాట. కరిచిన కుక్క గానీ పిల్లి గానీ 10 రోజుల పాటు కళ్ళముందు ఉండి, ఆరోగ్యంగా ఉంటే డాక్టరే చికిత్స ఆపమనొచ్చు, అది నిజమే. కానీ ఆ 10 రోజులూ టీకా ఆపి ఎదురుచూడటం కాదు, టీకా మొదలుపెట్టి చూడటం. ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, మనం కాదు. వీధిలో కరిచి పారిపోయిన కుక్కకి ఈ లెక్క అసలు పనికిరాదు, రెండు రోజుల తర్వాత అలాంటి రంగు కుక్కే కనిపించిందని అదే ఇది అనుకోవడం కూడా. పెంపుడు కుక్కకి టీకా వేయించాం కాబట్టి పర్లేదు అని కూడా మీకు మీరే తేల్చేసుకోకండి. చిన్న కుక్కపిల్ల కదా అనొద్దు, పిల్లకీ రేబీస్ ఉండొచ్చు.

ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అనే భయం ఇంకా పోలేదు. అవి పాతకాలం టీకాలు, వాటిని మానేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1984లోనే చెప్పింది. ఇప్పుడు జబ్బ మీద వేస్తారు, మరీ చిన్నపిల్లలకైతే తొడ మీద. (అన్నట్టు 1885లో రేబీస్ టీకా కనిపెట్టిన శాస్త్రవేత్త పాశ్చర్ దగ్గరికి తీసుకొచ్చిన జోసెఫ్ మైస్టర్ అనే కుర్రాడికి 9 ఏళ్ళు, పది పదకొండు రోజుల్లో 13 సూదులు పొడిచారు, వాడు అన్నీ వేయించుకున్నాడు, బతికాడు. మనవాళ్ళకి నాలుగైదే.)

చిన్న గీత పడినా ఇంట్లో చెప్పమని పిల్లలకి మీరూ చెప్పండి, మేమూ అసెంబ్లీలో చెప్తున్నాం. తిడతారనో, కుక్కతో ఎందుకు ఆడావంటారనో ఫుల్ చేతులు కిందకి లాగి దాచేస్తారు. రక్తం రాకపోయినా గోరు గీరుకుంటే టీకా కావాల్సి రావచ్చు. కరిచినా గీరినా ముందు సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి, 15 అంటే నిజంగా గడియారం చూసి, పసర్లూ పొడులూ పూయకండి, తర్వాత ఆస్పత్రికి.

స్కూల్ వైపు నుంచి మేం చెయ్యబోయేది ఇది. మీ పిల్లలకి ఇప్పుడు టీకా కోర్సు నడుస్తుంటే కార్డు ఫోటో తీసి క్లాస్ టీచర్‌కి పంపండి, ఆ తారీఖులు రిజిస్టర్‌లో రాసుకుంటారు, ముందురోజు పిల్లల చేత డైరీలో రాయిస్తారు. సూది రోజు ఆలస్యంగా వచ్చినా, సగం పూట వచ్చినా, అసలు రాకపోయినా హాజరు తగ్గించం. ఆ రోజు యూనిట్ టెస్టు ఉంటే ఇంకోరోజు పెడతాం, అదే మార్కులు. పనికి సెలవు దొరక్క పిల్లల్ని తీసుకెళ్ళడం కుదరట్లేదంటే మొహమాటపడకుండా ఆఫీసు రూంలో చెప్పండి, మీరు రాసిస్తే మా స్టాఫ్‌లో ఒకరు తోడు వెళ్తారు. పోయిన కొన్ని నెలల్లో మొదలుపెట్టి ఆపేసిన కార్డులు ఎవరింట్లోనైనా ఉంటే వాటిని కూడా బయటికి తియ్యండి, ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించండి, ఫోటో మాకు తర్వాత పంపినా పర్లేదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు