కాన్ఫరెన్స్‌కి ఎందుకు వెళ్లాం, మీ వెబ్‌సైట్లలో ఏం మారుతుంది

మా కస్టమర్లందరికీ నమస్కారం.

ఈమధ్య సపోర్ట్‌కి ఫోన్ చేసిన కొందరికి జవాబు ఆలస్యంగా వచ్చింది. మా టీమ్‌లో సగం మందిమి వర్డ్‌క్యాంప్‌కి వెళ్లాం. వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సైట్లు కట్టేవాళ్లు కలిసే సదస్సు అది. "ఆ వీడియోలు తర్వాత ఉచితంగా వస్తాయి కదమ్మా, డబ్బు పెట్టి వెళ్లడం దేనికి?" అని ఒక మెడికల్ షాపు ఓనర్ గారు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మీరు కట్టే డబ్బుతోనే వెళ్తున్నాం కాబట్టి జవాబు అందరికీ చెప్పాలి.

ప్రసంగాలు చాలావరకు వర్డ్‌ప్రెస్ టీవీ అనే వీడియో సైట్‌లో దొరుకుతాయి, నిజమే. అవి మాత్రమే అయితే ఆఫీసులో కూర్చునే చూడమనేదాన్ని. కొత్త టూల్ పేరు, నాలుగు గ్రాఫులు, చప్పట్లు. సాయంత్రానికి ఏదీ గుర్తుండదు.

మమ్మల్ని కదిలించింది వేరే. చూపులేని ఒక డెవలపర్ వేదిక మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో ఒక షాపింగ్ సైట్‌లో వస్తువు కొనబోయారు. స్లైడ్లు లేవు. తెర మీద ఉన్నదంతా అది చదువుతుంటే హాలంతా విన్నాం. ధర చదివింది, సైజు చదివింది. కొనే చోట బండి బొమ్మ ఒక్కటే ఉంది, దానికి పేరు లేదు. "బటన్, బటన్, బటన్" అంటూ పోయింది. ఏది నొక్కితే డబ్బు కట్టే పేజీ వస్తుందో ఆయనకు తెలిసే దారే లేదు. అక్కడే కోడ్ తెరిచి ఆ బటన్‌కి పేరు రాసి మళ్లీ వినిపించారు. మారింది ఒక్క లైను. ఎన్‌వీడీఏని 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ మైకేల్ కరన్ కూడా చూపులేనివారే. ఇప్పటికీ అది ఉచితం, తెలుగు కూడా చదువుతుంది.

సమస్య కళ్లముందు కనపడాలి, దాన్ని సరిచేయడం మన చేతిలోనే ఉందని అక్కడికక్కడే తెలియాలి. నాకు మంచి సదస్సంటే అదే. పెద్ద పేరున్న వక్త వచ్చారా లేదా అన్నది తర్వాతి మాట.

రెండోది కంట్రిబ్యూటర్ డే, అంటే వచ్చినవాళ్లంతా వర్డ్‌ప్రెస్ కోసం కలిసి పనిచేసే రోజు. ఆ రోజు ప్రసంగాలుండవు. కోడ్, అనువాదం, డాక్యుమెంటేషన్, ఇలా ఒక్కో పనికి ఒక్కో టేబుల్. మా జూనియర్ డిజైనర్ తెలుగు అనువాదం దగ్గర కూర్చుంది. తను రాసిన మాటల్ని ఎడిటర్ ఒప్పుకుంటే, తెలుగులో వర్డ్‌ప్రెస్ వాడే అందరికీ అవే కనిపిస్తాయి. ఏళ్ల అనుభవమున్న ప్రోగ్రామర్ కుర్చీ జరిపి చోటిచ్చి, తను అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా చెప్పారు. వీడియోలో ఇది దొరకదు. 1994లో జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనా కేంద్రంలో జరిగిన మొదటి వెబ్ సదస్సుకి వచ్చింది దాదాపు 380 మందే. ఆ వరుసలోని సదస్సే 2011లో మన హైదరాబాద్‌లో జరిగింది, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ కూడా వచ్చి మాట్లాడారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం వెబ్ వాళ్లకి మొదటినుంచీ ఉన్నదే.

ఇక మీ సైట్ల సంగతి. ప్రతి బటన్‌కీ, ఫారంలో ప్రతి గడికీ పేరు పెడుతున్నాం. మౌస్ లేకుండా కీబోర్డుతోనే ఆర్డర్ పూర్తవుతుందో లేదో చూస్తున్నాం. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలన్నది ప్రమాణం, లేత బూడిద రంగు అక్షరాలన్నీ ముదురు చేస్తాం. క్లినిక్‌ల బుకింగ్ పేజీలతో మొదలుపెట్టాం. దీనికి అదనంగా ఏమీ తీసుకోం, ఈ ఏడాది రెన్యువల్ రేటూ పెంచం.

మీ నుంచి ఒక సాయం కావాలి. స్క్రీన్ రీడర్ చదివి వినిపించడానికి ప్రతి ఫోటోకీ ఒక వాక్యం రాసి పంపండి. ఫోన్‌లో కొనేవాళ్లకి ఎలా చెబుతారో అలాగే: "ముదురు ఆకుపచ్చ పట్టుచీర, సన్నని జరీ అంచు." ఆ సరుకు గురించి మీకు తెలిసినంత మాకు తెలియదు.

పాత సైట్లన్నీ పూర్తవడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. పండగ సీజన్ అమ్మకాలున్నవాళ్లు ముందే చెబితే మీ సైట్ ముందు చేస్తాం.