మా ఊరికి నీళ్ల లెక్క నేర్పినవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మొన్న రబీలో మా ఊళ్లో కొత్తగా ఒక్క బోరు కూడా వేయలేదు. ఎండాకాలం మొత్తం తాగునీళ్ల బోరు ఆగలేదు, ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టాల్సిన పని రాలేదు. వాన బాగా పడిందనో, ప్రభుత్వం ఏదో చేసిందనో బయటివాళ్లు అనుకుంటున్నారు కానీ దీని వెనక కొంతమంది మనుషులున్నారు, వాళ్లకు అందరి ముందూ థాంక్స్ చెప్పాలనే ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని వాళ్లే అడిగారు కాబట్టి రాయడం లేదు.

మాది అనంతపురం వైపు మెట్ట ఊరు. మా దగ్గర ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. ఒక బోరు ఎండితే దాని పక్కన ఇంకోటి, అది కూడా ఎండితే ఇంకా లోతుకు, ఇలా అప్పుల మీద అప్పులు చేసిన ఇళ్లు ప్రతి వీధిలో ఉన్నాయి. కొబ్బరికాయ పట్టుకుని పాయింటు చూపించేవాళ్లకు ఇచ్చిన డబ్బులు సరేసరి.

మొదటి కృతజ్ఞత భూగర్భజలాల శాఖలో పనిచేసి రిటైరైన జియాలజిస్ట్ సార్‌కి. అడిగిన వెంటనే వచ్చారు, ఒక్క రూపాయి తీసుకోలేదు, బస్సు చార్జీ కూడా. ఏ పంట వేయాలో, వేయకూడదో ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు. రచ్చకట్ట మీద కూర్చుని లెక్క వేయించారు, అంతే. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. 550 మిల్లీమీటర్లు పడితే 22 లక్షల లీటర్లు. మన దగ్గర పైన మెత్తబడిన రాయి పొర కొంతే, దాని కింద అంతా గట్టి రాయి, నీళ్లు నిలిచేది ఆ పొరలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే కాబట్టి పడిన వానలో కిందికి ఇంకేది ఇంచుమించు పదో వంతు, అంటే ఎకరానికి రెండు లక్షల చిల్లర లీటర్లు. మరి ఎకరం వరికి? 1,200 మిల్లీమీటర్ల చొప్పున దాదాపు 48 లక్షల లీటర్లు! మడిలోంచి కొంత మళ్లీ కిందికి దిగుతుందని తీసేసినా, ఒక్క ఎకరం వరి కోసం చుట్టూ ఎన్ని ఎకరాల ఊటను తోడేస్తున్నామో ఆ రోజు అందరికీ అర్థమైంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా చేని కింద నీళ్లు నావే అనే మాట అప్పటి నుంచి మా ఊళ్లో తగ్గింది.

తర్వాత, పాత భూగర్భజలాల ప్రాజెక్టు నడిచిన ఊళ్ల నుంచి వచ్చిన పెద్ద రైతులకు. 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భజలాలను కొలుచుకునే కార్యక్రమం ఒకటి నడిచింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. సబ్సిడీలు లేవు, ఫలానా పంట వేయొద్దనే నిబంధనలు లేవు, కొలవడం నేర్పి ఆ అంకెలు రైతుల చేతికే ఇచ్చారు. అప్పుడు నేర్చుకున్నవాళ్లు ఇన్నేళ్ల తర్వాత మా ఊరొచ్చి, బోరులోకి వైరు దించి నీటిమట్టం ఎలా చూడాలో, డ్రమ్ము పెట్టి సెల్‌ఫోన్ గడియారంతో బోరు ఎంత పోస్తుందో ఎలా లెక్కకట్టాలో చేసి చూపించారు. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు, తొమ్మిది గంటల కరెంటుకు దాదాపు 65 వేల లీటర్లు. ఇదే మాట ఏ ఆఫీసరో చెప్పి ఉంటే తలూపి వెళ్లిపోయేవాళ్లం, సాటి రైతు చెప్పాడు కాబట్టి దిగింది. పెద్దాయనా, మీరు మోకాళ్ల నొప్పితోనే చేలన్నీ తిరిగారని మాకు తెలుసు.

మా హైస్కూల్ పిల్లలకు, వాళ్ల సైన్స్ టీచరమ్మకు. స్కూలు ఆవరణలో పెట్టిన వర్షమాపకం రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసేది వాళ్లే, సెలవుల్లో కూడా. పంచాయతీ గోడ మీద నల్లబోర్డులో వాన ఎంత, ఏ బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయి అనేది రాసేదీ వాళ్లే. ఆ బోర్డు దగ్గర ఆగి మాట్లాడుకోవడం మా ఊళ్లో కొత్త అలవాటు. పార్టీల గొడవలతో పలకరించుకోని ఇద్దరు అక్కడే మళ్లీ మాటలు కలిపారు, ఇది నాకు అన్నిటికంటే సంతోషం.

మహిళా సంఘం అక్కలు చేసింది ఇంకా పెద్ద పని. లోతు బోర్ల నీళ్లు తాగడం గురించి మగవాళ్లం ఎవరూ అడగలేదు, వాళ్లు అడిగారు. ఫ్లోరైడ్ కిట్టు తెప్పించి ఒక్కో బోరు నీళ్లు పరీక్ష చేయించారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు, దాటిన చోట ఎర్ర రంగు వేయించారు. మా దగ్గర లోతుకు పోయిన బోర్లలోనే ఎక్కువగా దాటింది. ఇంకా లోతుకు వేద్దాం అని మొండిగా ఉన్న ఇళ్లల్లో ఆ ఎర్ర రంగు చూసి పిల్లల పళ్లు, ఎముకల గురించి టెన్షన్ మొదలైంది, అక్కడి నుంచి మా మీటింగులకు జనం రావడం పెరిగింది.

ఇక మా ఊరి రైతుల్లో నలుగురైదుగురు ఉన్నారు, బోర్లు బాగా పోస్తున్నా వరి మానేసి వేరుశనగ, కొర్ర వేశారు. అందులో ఒకాయన, వానలు మొహం చాటేసినప్పుడు, బోరు లేని పక్క చేని కందికి తన పైపు తిప్పి ప్రాణం నిలిపే ఒక్క తడి ఇచ్చాడు. అన్నా, ఆ తడి నువ్వు ఎవరూ అడగకుండానే ఇచ్చావు. ఆ కుటుంబం నీకు చెప్పలేకపోయిన మాట నేను చెబుతున్నాను, అనుకో.

అన్నీ సర్దుకున్నాయని కాదు. చెరువు కాలువలో పూడిక అలాగే ఉంది, ఊరి చివర రెండు బోర్లలో మట్టం ఇంకా దిగుతూనే ఉంది, మా బోరు కొలవనివ్వం అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద మాకు కోపం లేదు, వాళ్ల అప్పులు అలాంటివి.

నీటిమట్టం కొలిచే వైరు పంచాయతీ ఆఫీసులో ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరికి కావాలన్నా రిజిస్టరులో రాసి తీసుకెళ్లొచ్చు, వాడటం రాకపోతే మా పిల్లలు వచ్చి చూపిస్తారు. దసరా అయ్యాక, రబీ విత్తనాలు కొనకముందే, ఈ ఏడాది నీళ్ల లెక్క రచ్చకట్ట దగ్గర వేస్తాం. సార్, మీరూ, పెద్ద రైతులూ తప్పకుండా రండి, భోజనం మా ఇంట్లోనే.