రుషికొండ ఫ్లాటు గురించి నాన్నకి

బర్నబీ, కెనడా

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

అన్నయ్య ఫోన్ చేశాడు. సీతమ్మధార ఫ్లాటు అద్దెకిచ్చేసి, రుషికొండ వైపు పెద్దవాళ్ల కోసమే కడుతున్న అపార్ట్‌మెంట్లలో మీకొకటి తీసుకుందామంటున్నాడు. తొమ్మిదో అంతస్తట, సముద్రం కనిపిస్తుందట, యోగా హాలు కూడా ఉందట. మీకు బాగా నచ్చిందని చెప్పాడు. వద్దనడానికి రాయడం లేదు నాన్నా. అడ్వాన్సు కట్టేముందు కొన్ని సంగతులు కనుక్కోమనడానికే. ఫోన్లో మొదలుపెడితే మీరు మధ్యలోనే అమ్మ చేతికిచ్చేస్తారు, అందుకే ఈ ఉత్తరం.

నేను పనిచేసేది వృద్ధుల హోమ్‌లోనే కదా. 2021 జూన్ చివర్లో ఇక్కడ వచ్చిన వడగాడ్పుల గురించి మీకు వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. లిట్టన్ అనే చిన్న ఊళ్లో 49.6 డిగ్రీలు వచ్చింది, మర్నాడు ఆ ఊరు చాలావరకు తగలబడిపోయింది. ఆ వేడికి మా బ్రిటిష్ కొలంబియాలో 619 మంది పోయారు. వాళ్లలో మూడింట రెండొంతులు 70 దాటినవాళ్లు. ఎండన పడి తిరిగినవాళ్లు కారు, దాదాపు అందరూ ఇళ్లలోనే పోయారు. సగానికి పైగా ఒంటరిగా ఉండేవాళ్లు. చలికోసం కట్టిన ఇళ్లు కాబట్టి లోపలికొచ్చిన వేడి రాత్రయినా బయటికి పోలేదు. తలుపు కొట్టి ‘ఏం చేస్తున్నారండీ’ అని అడిగే మనిషి లేడు. ఆ తర్వాత రూల్సు మార్చారు. 2024 నుంచి కొత్తగా కట్టే ఇంట్లో కనీసం ఒక్క గదైనా 26 డిగ్రీలు దాటకుండా ఉండాలి. మనకి 26 అంటే పండగే అనుకోండి.

విశాఖలో అంత ఎండ ఎక్కడుందంటారు మీరు. నిజమే, రెంటచింతలతో పోలిస్తే మన థర్మామీటరు తక్కువే చూపిస్తుంది. కానీ మన బాధంతా ఉక్కపోతే కదా. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమలో అది ఆరదు, కారిపోతుందంతే. పైగా వయసు మీదపడ్డాక చెమట తక్కువ పడుతుంది, దాహం సరిగ్గా తెలియదు. అమ్మా, దాహం వేయట్లేదని మజ్జిగ పక్కన పెట్టేస్తావు చూడు, అదే ప్రమాదం. దాహం వేసినా వేయకపోయినా తాగాలి. చోడి అంబలి అయినా సరే. నాన్నా, మీ బీపీ మాత్రల్లో ఒకటి ఒంట్లో నీళ్లు లాగేసే రకం. సొంతంగా మానెయ్యకండి. వేసవి వస్తోంది, మోతాదు ఇదే ఉంచాలా, నీళ్లు ఎంత తాగాలి అని డాక్టరు గారిని అడగండి.

ఇక ఆ ఫ్లాటు. గదిగదికీ ఏసీ ఇస్తున్నారని అన్నయ్య గొప్పగా చెప్పాడు. కరెంటు పోతేనో? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు, మీరే బకెట్లతో నీళ్లు మోశారు. అప్పుడు మోకాళ్లు సహకరించాయి. ఇప్పుడు తొమ్మిదో అంతస్తులో లిఫ్ట్ ఆగిపోతే కిందికి దిగడమెలా? జనరేటరు ఉందంటే సరిపోదు, అది లిఫ్టుకీ నీళ్ల మోటారుకీ కూడా పనిచేస్తుందా, ఎన్ని గంటలకి డీజిల్ నిల్వ ఉంచుతారు అని అడగండి. పడకగదికి రెండు వైపులా కిటికీలున్నాయో లేదో, పడమటి ఎండ నేరుగా ఏ గోడకి తగులుతుందో చూడండి. సముద్రం వైపు అంతా అద్దాలే పెట్టి, గాలి వచ్చే కిటికీ ఒక్కటే పెట్టారంటే నాకు ఆ ఇల్లు నచ్చదు. మంచి బేరమే అనుకోండి, మే నెల మధ్యాహ్నం మూడింటికి ఒక్కసారి వెళ్లి ఆ గదిలో గంటసేపు కూర్చోండి. నమూనా ఫ్లాటులో ఏసీ వేసి కూర్చోబెడతారు, కట్టేయమనండి.

అన్నిటికన్నా ముఖ్యం, పక్కన ఎవరుంటారు? సీతమ్మధారలో కరివేపాకు కోసమని రోజూ తలుపు కొట్టే ఎదురింటి ఆంటీని అమ్మ విసుక్కుంటుంది కానీ, నా కళ్లకి ఆవిడ యోగా హాలు కన్నా ఎక్కువ. ఇక్కడ పోయినవాళ్లకి అలాంటి మనిషి ఒక్కరు ఉన్నా కొందరు బతికేవారు. కొత్త చోట పొద్దున్నే ఒకసారి ప్రతి గది తలుపూ తట్టే ఏర్పాటుందా? రాత్రి మనిషి ఉంటాడా, సెక్యూరిటీ కెమెరా మాత్రమేనా?

మీరు అక్కడికి వెళ్లినా వెళ్లకపోయినా ఈ వేసవి మాత్రం సీతమ్మధారలోనే కదా. మనది పై అంతస్తు, శ్లాబు పగలంతా కాగి రాత్రి పదకొండింటికి కూడా సెగ కక్కుతుంది. అసోసియేషన్ వాళ్లని అడిగి ఫిబ్రవరిలోనే మేడ మీద తెల్లటి కూల్ పెయింటు వేయించండి, ఖర్చు నేను పంపిస్తాను. వాళ్లు బద్ధకిస్తే మన ఫ్లాటు మీద ఉన్నంత మేర సున్నమైనా కొట్టించండి.

ఆ అపార్ట్‌మెంట్ ప్లాను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమని అన్నయ్యకి చెప్పండి. మీ మాత్రల చీటీ కూడా పెట్టమనండి, రెండు వైపులా.

మీ
చిన్నమ్మాయి