మన పిల్లలు తయారు చేసిన వెబ్ పేజీలు చూడటానికి రండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లలు ఈ నెలంతా కంప్యూటర్ ల్యాబ్‌లో వెబ్ పేజీలు తయారు చేస్తున్నారు. "మా ఇంట్లో కంప్యూటరూ లేదు, నెట్టూ లేదు, మావాడు వెనకబడతాడేమో సార్" అని కొందరు టెన్షన్ పడుతున్నారు. ఈ పనికి నెట్ అక్కర్లేదు. కంప్యూటర్‌లోనే ఉండే నోట్‌ప్యాడ్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులతో, అంటే ఏది హెడ్డింగో ఏది ఫొటోనో చెప్పే గుర్తులతో, నాలుగు లైన్లు రాసి, ఫైల్ పేరు చివర డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ పెట్టి సేవ్ చేసి, డబుల్ క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో (వెబ్ పేజీలు చూపించే ప్రోగ్రామ్‌లో) పేజీ వచ్చేస్తుంది. 1991లో వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ బయటికి తెచ్చిన మొట్టమొదటి వెబ్‌సైటూ ఇలాంటి ట్యాగులతో రాసిందే. దీనికోసం వేలు పోసి కోచింగ్‌లో చేర్పించకండి.

పిల్లలు రాసుకున్నవన్నీ మన కడప సంగతులే: గండికోట, ఒంటిమిట్ట రామాలయం, బ్రౌన్ గ్రంథాలయం. కారం దోశ మీద కూడా ఒక పేజీ ఉంది. భోజనం బెల్లుకు ముందు పీరియడ్‌లో దాన్ని చూడటం కొంచెం కష్టమే!

గండికోట పేజీ రాసిన అమ్మాయికి మొదట తెలుగు అక్షరాల చోట పిచ్చి గుర్తులు వచ్చాయి. అక్షరాలను ఎలా చదవాలో బ్రౌజర్‌కు చెప్పే యూటీఎఫ్-8 అనే లైను పైన రాయడం వదిలేసింది. అది చేర్చాక తెలుగు చక్కగా కనిపించింది గానీ, పెన్నా లోయ ఫొటో రాలేదు. దాని చోట చిరిగిన బొమ్మ గుర్తు ఒక్కటే ఉంది. ఫొటో ఫైల్ పేరు చివర ఉండే డాట్ జేపీజీ రెండుసార్లు పడి, పేజీలో రాసిన పేరుతో కలవలేదు. విండోస్ ఆ తోకను మామూలుగా దాచిపెడుతుంది కాబట్టి పైకి ఒక్కటే కనిపిస్తోంది. మా కంప్యూటర్ టీచర్ నోరు విప్పలేదు. పీరియడ్ అయిపోయేలోగా ఆ పిల్లే కనిపెట్టింది. నా దృష్టిలో అసలు చదువు అదే. పేజీ అందంగా ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

ఈ పేజీలు ల్యాబ్ కంప్యూటర్లలోనే ఉంటాయి, నెట్‌లో పెట్టడం లేదు. అయినా ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు, సొంత ఫొటోలు పెట్టొద్దని పిల్లలకు చెప్పాం. మీరూ ఒక మాట చెప్పండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ల్యాబ్‌కు రండి. మీ పిల్లలే మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తారు. బాగుందని ఊరుకోకుండా, "ఈ హెడ్డింగ్ రంగు మార్చు, మన ఊరి పేరు చేర్చు" అని అడగండి. సొంతంగా రాసిన పిల్లలు మీ ముందే మార్చేస్తారు. ఎక్కడినుంచో కాపీ కొట్టినవాళ్లు తడబడతారు. అలా జరిగితే అక్కడ తిట్టకండి, వాళ్లను మళ్లీ కూర్చోబెట్టి నేర్పే పని మాది.

పనులకు, అంగళ్లకు వెళ్లేవాళ్లు సోమవారం సాయంత్రం బడి వదిలాక వచ్చినా సరే, ల్యాబ్ తెరిచే ఉంచుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు,
కడప