లర్నింగ్ స్టైల్ వెతకడం ఆపి పిల్లల ఇబ్బంది ఏమిటో చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే తల్లిదండ్రులకు పత్రికల్లోనూ వీడియోల్లోనూ ఒకే సలహా మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. మీ బిడ్డ చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేతులతో చేసి నేర్చుకునే రకమా అన్నది ముందు కనిపెట్టండి, ఆ పద్ధతిలోనే చెప్పండి, చదువు దానంతట అదే వస్తుంది అని. ఈ రకాలనే లర్నింగ్ స్టైల్స్ అంటున్నారు. చదవడం రాని పిల్లాడి గురించి అడిగినా, ఒక్కచోట కూర్చోలేని పిల్ల గురించి అడిగినా, మాటలు ఆలస్యమైన పిల్లల గురించి అడిగినా జవాబు ఇదే. నేను ఇద్దరు పిల్లలకు ఇంట్లో చదువు చెబుతున్న తల్లిని. పెద్దవాడికి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, చిన్నదానికి ఆటిజం. ఈ సలహా వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయేది ఇలాంటి పిల్లలే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

ముందు ఈ స్టైల్స్ సంగతి. 2004లో బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు లెక్క తీస్తే ఇలాంటి వర్గీకరణలు 71 తేలాయి, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఎక్కువమందికి తెలిసిన ‘వార్క్’ ప్రశ్నావళిని 1992లో న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ తెచ్చారు. పిల్లలు జవాబులు టిక్ చేస్తారు, చివర్లో నీది ఫలానా రకం అని వస్తుంది. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు ముందు పెట్టుకుని, చూసి నేర్చుకునే రకం అన్న పిల్లలకు బొమ్మలతో, విని నేర్చుకునే రకం అన్న పిల్లలకు మాటలతో చెబితే నిజంగా ఎక్కువ వస్తోందా, అటుది ఇటు మార్చి చెబితే తక్కువ వస్తోందా అని చూశారు. అలా వస్తోందని నమ్మడానికి సరిపడా ఆధారం వాళ్లకు దొరకలేదు. పిల్లలకు ఇష్టాలు ఉంటాయి, నేను కాదనను. మా వాడికి వినడం ఇష్టం. కానీ ఇష్టమైన దారిలోనే బాగా వస్తుందని లేదు. మ్యాప్ చూడకుండా భూగోళం పట్టుకోవడం కష్టం, చెవితో వినకుండా ఉచ్చారణ పట్టుకోవడం కష్టం. ఏ పాఠానికి ఏది కావాలో అది పెట్టాలి, అది పిల్లలందరికీ వర్తిస్తుంది.

ఇదేదో పండితుల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లుంటారు. ఇంట్లో ఇది ఎలా తేలుతుందో చూడండి. ఏడెనిమిదేళ్లు వచ్చినా కూడబలుక్కుని చదువుతున్న పిల్లాడికి ‘చేసి నేర్చుకునే రకం’ అని పేరు పెడితే, తల్లిదండ్రులు పుస్తకం పక్కనపెట్టి అట్టముక్కలు, రంగులు, మట్టి ముందేస్తారు. వాడు హాయిగా ఆడుకుంటాడు, ఇంట్లో గొడవ తగ్గుతుంది, సమస్య తీరిందనిపిస్తుంది. చదవడం మాత్రం ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది, ఇంకో రెండేళ్లు పోతాయి. ఆ రెండేళ్లే అసలైనవి, ఎంత చిన్న వయసులో సాయం అందితే అంత తేలిగ్గా దారిన పడతారు. ‘విననే వినదు, చూసి నేర్చుకునే రకం’ అని సర్దుకున్న పిల్లకు చెవి లోపల నీరు చేరి వినికిడి కొన్నాళ్లు బాగుండి కొన్నాళ్లు తగ్గుతుండవచ్చు, చిన్నపిల్లల్లో ఇది చాలా మామూలు. అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది కళ్లూ చెవులూ పరీక్ష చేయించమని. తర్వాత పిల్లల వైద్యుల ద్వారా సరైన అసెస్‌మెంట్. ఆన్‌లైన్‌లో పది నిమిషాల క్విజ్ దానికి బదులు కాదు.

డిస్లెక్సియా అనగానే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయట కదా అంటారు. కంటిలో లోపం కాదది. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో, వాటిని అక్షరాలకు జోడించడంలో ఉన్న కష్టం. తెలివితో దానికి సంబంధం లేదు. తెలుగులాగా పలికినట్టు రాసే లిపుల్లో అది చాలాసార్లు తప్పులుగా కన్నా చదివే నెమ్మదితనంగానే బయటపడుతుంది: అక్షరాలన్నీ వచ్చు, గుణింతాలు వచ్చు, కానీ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. మా వాడు ఒకప్పుడు మొదటి అక్షరం చూసి, పక్కనున్న బొమ్మ చూసి, మిగతాది ఊహించి చెప్పేసేవాడు, ఊహ తెలివైనదే కాబట్టి సగం సార్లు సరిపోయేది కూడా. ఇప్పుడు మా పాఠంలో బొమ్మలుండవు. నేను ‘మబ్బు’ అంటాను. వాడు ఆ మాటను సాగదీసి పలుకుతూ మ, బ్, బు అని వినబడిన ప్రతిదానికీ ఒక గింజ పక్కకు జరుపుతాడు. తర్వాత అక్షరాల బిళ్లలు పేర్చి, బ కింద వత్తు పెట్టి, కొమ్ము చేర్చి, ఇసుక పళ్లెంలో వేలితో రాస్తూ పైకి పలుకుతాడు. అదయ్యాక ‘డబ్బు’, ‘జబ్బు’, ‘దెబ్బ’. బ వత్తు గట్టిపడేదాకా ఇంకో వత్తు జోలికి వెళ్లం. 1930లలో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయురాలు మొదలుపెట్టిన దారి ఇది: వరుస తప్పకుండా, ఏదీ ఊహకు వదలకుండా, నేర్చినదాన్ని మళ్లీ మళ్లీ తిరగేస్తూ. చూడటం, వినడం, చేయడం మూడూ ఇందులో ఒకేసారి ఉన్నాయి గమనించండి. పిల్లాడు ఏ రకమో ఎవరూ అడగలేదు, వాడికి ఏది కష్టమో అది అడిగారు.

అదే పిల్లాడికి సైన్సు మాత్రం నేను పైకి చదివి వినిపిస్తాను, లేదా ఆడియో పెడతాను. చూశారా, విని నేర్చుకునే రకమే కదా అంటారు మా చుట్టాలు. వాడి వయసు పిల్లలకు అర్థమయ్యే విషయాలన్నీ వాడికీ అర్థమవుతాయి, చదివే వేగమే అడ్డం. చదవడం వచ్చేదాకా గ్రహణాలూ జీర్ణకోశమూ ఆపితే బిడ్డ రెండు రకాలుగా వెనకబడతాడు. అందుకని చదవడం చదవడంగా రోజూ కొంచెం, విషయజ్ఞానం వాడి స్థాయికి తగ్గట్టు చెవి ద్వారా, జవాబులు నోటితో. నాకు తెలిసినంతలో డిస్లెక్సియా పిల్లల ఇళ్లలో ఎక్కువగా కలిసిపోయేది ఈ రెండే, విడదీస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

లెక్కల గురించి ఎక్కువ చెప్పను. అంకెలే బుర్రకెక్కని డిస్‌కాల్క్యులియా పిల్లలకు ముందు చేత్తో పట్టుకునే వస్తువులు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే అంకె. మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో చెప్పిన వరుస ఇది, ఏ ఇబ్బందీ లేని పిల్లలకూ పనికొస్తుంది. ఒకదాని మీద ధ్యాస నిలపడం, కుదురుగా కూర్చోవడం కష్టమయ్యే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ఒకసారికి ఒకే పని చెప్పాలి, చెప్పింది రాసి ఎదురుగా అంటించాలి, మధ్యమధ్య లేచి తిరగనివ్వాలి. ‘నోట్‌బుక్ తీసి, నిన్నటి పేజీ చూసి, మిగతా రెండు లెక్కలు చేసి తీసుకురా’ అన్న వాక్యంలో నాలుగు పనులున్నాయి. మొదటిది చేసేలోపు మిగతావి ఆ బుర్రలోంచి జారిపోతాయి, మనం దాన్ని మొండితనం అంటాం. అంతమాత్రాన కదలికతో నేర్చుకునే రకం అని గెంతుతూ ఎక్కాలు చెప్పించనక్కర్లేదు.

మా చిన్నదానికి గోడ మీద ఆ రోజు పనుల బొమ్మలు వరుసగా ఉంటాయి: పళ్లు తోముకోవడం, పాఠం, ఊయల, అన్నం, స్పీచ్ థెరపీ. ఒక్కోటి అవ్వగానే అదే ఆ బొమ్మ ఊడదీసి కింద డబ్బాలో వేస్తుంది. థెరపిస్టు రాని రోజు నేను పొద్దున్నే ఆ బొమ్మ మీద అడ్డగీత అట్ట పెట్టి పక్కన వేరే బొమ్మ పెడతాను. అలా పెట్టిన రోజు ఏడుపు ఉండదు. ఆటిజం పిల్లలకు ఇలా కంటికి కనిపించే ఏర్పాట్లు చేయడాన్ని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 1972లో ఎరిక్ షాప్లర్ మొదలుపెట్టిన టీచ్ కార్యక్రమం బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. మాట గాలిలో కలిసిపోతుంది, బొమ్మ అక్కడే ఉంటుంది, కాబట్టి ఇక ముందు ఏం జరగబోతుందో పాపకు తెలుస్తుంది, భయం తగ్గుతుంది. అంతేగానీ లెక్కలూ పాటలూ అన్నీ బొమ్మలతోనే వస్తాయని కాదు. మా పాప పాటలు చెవితోనే పట్టేస్తుంది, ఒక్కసారి వింటే చాలు.

ఇక ఇంట్లో చదువుకు నిజమైన బలం ఏమిటి అంటే నా జవాబు టైమ్. ఒక వత్తు దగ్గర నెల ఆగినా అడిగేవాళ్లు లేరు. ఆకలేసినప్పుడు, నిద్ర చాలనప్పుడు పాఠం ఆపేయొచ్చు. నిన్న చెప్పింది పుస్తకం మూసి ఇవాళ అడగొచ్చు, మళ్లీ నాలుగు రోజులాగి అడగొచ్చు. మళ్లీ మళ్లీ చదవడం కన్నా ఇలా గుర్తు తెచ్చుకోమనడమే ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు: వారం తర్వాత చూస్తే, తిరిగి చదివినవాళ్ల కన్నా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ మిగిలింది. డబ్బు పెట్టి కొనే స్టైల్ కిట్లు చేయలేని పని ఇది, ఖర్చు లేదు.

ఇంట్లో చెప్పడం వల్ల థెరపిస్టుల అవసరం తీరిపోదు. స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ నేర్చుకున్నవాళ్లే చేయాలి, మనం వాళ్లు చూపించింది రోజూ ఇంట్లో కొనసాగించగలం. అమ్మ ఒక్కతే టీచరూ థెరపిస్టూ వంటమనిషీ కావాల్సివస్తే ఎక్కువ కాలం నడవదు, ఇంట్లో ఇంకొకరు వారంలో కొన్ని పూటలు పూర్తిగా బాధ్యత తీసుకోవాలి. పిల్లలకు తోటిపిల్లలూ కావాలి. ఆ ఏర్పాటు చూసుకున్నాకే ఇంటి చదువు మొదలుపెట్టండి, ఆయా దేశాల నియమాలు కూడా ముందే కనుక్కోండి, కొన్నిచోట్ల అనుమతే లేదు.

ఇంకొకటి, ఇది కాస్త కోపంగానే రాస్తున్నాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కుటుంబాల్లో చాలామంది ఇంటి చదువును ఎంచుకున్నవాళ్లు కారు. ‘మీ అబ్బాయిని మేం చూసుకోలేం’ అని బడి చేతులెత్తేస్తే ఇంటికి తెచ్చుకున్నవాళ్లు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణం ఈ పిల్లలకు అందరితో కలిసి చదువుకునే హక్కు ఉందని, వాళ్లకు తగ్గ సదుపాయాలు కల్పించాలని చెబుతోంది. పరీక్షలో అదనపు సమయం, నోటితో జవాబు చెప్పే వీలు, గోల తక్కువగా ఉండే ఒక మూల, వీటికి పెద్ద భవనాలు అక్కర్లేదు. ఇంట్లో బాగా చెప్పుకుంటున్న తల్లుల కథలు మీరు వేయండి, నాకూ అవి చదవాలని ఉంటుంది. వాటి పక్కనే ఆ పిల్లలు బడి ఎందుకు మానాల్సి వచ్చిందో కూడా అడిగి రాయండి, బడివాళ్లను కూడా అడగండి. ఈసారి లర్నింగ్ స్టైల్స్ మీద వ్యాసం వస్తే అచ్చువేసే ముందు ఒక స్పెషల్ ఎడ్యుకేటర్‌కో, పిల్లల మానసిక వైద్యులకో చూపించండి.

ఇట్లు,
ఇంట్లో చదువు చెబుతున్న ఒక అమ్మ