పేరైనా అడగలేదు, పెద్దాయనా

ఆ రాత్రి క్యాంపులో మా ఆర్‌వీలో (ఇల్లులా వాడుకునే బండి) ఏసీ కింద స్టూలెక్కి, టార్చి నోట కరుచుకుని తంటాలు పడుతుంటే "ఏమైంది బాబూ?" అంటూ వచ్చారు చూడండి, ఈ నాలుగు మాటలూ మీకే.

ఏసీ గంట నడిస్తే చాలు, గాలి సన్నగిల్లిపోయేది. జాలీ తీసి చూస్తే గాలిని చల్లబరిచే కాయిల్ నిండా తెల్లగా మంచు. గ్యాస్ తగ్గిందని నేను తీర్మానించేసుకున్నాను. మీరు ముందు ఫిల్టర్ చూశారు, అది శుభ్రంగానే ఉంది. కంప్రెసర్ ఆపించి, ఫ్యాన్ ఒక్కటే హైలో పెట్టించి, మంచు కరిగేదాకా కబుర్లు చెప్పారు. తర్వాత సీలింగ్ పెట్టెలోకి చెయ్యి దూర్చి "ఇదిగో దొంగ" అన్నారు. చల్లగాలి బయటికొచ్చే దారికీ, గదిలో గాలిని వెనక్కి లాగే దారికీ మధ్య అడ్డు దగ్గర టేపు ఊడి వేలెడు సందు! చల్లబడ్డ గాలే మళ్లీ కాయిల్ మీదికి తిరిగొస్తుంటే అది 0 డిగ్రీల కిందికి పోక ఏం చేస్తుంది? పైగా మంచు కట్టకముందే కంప్రెసర్‌ని ఆపాల్సిన సెన్సార్ కాయిల్ రేకు రెక్కల్లోంచి జారి గాల్లో వేలాడుతోంది. దాన్ని మళ్లీ రెక్కల మధ్య గుచ్చి, సందుకి అల్యూమినియం టేపు అతికించారు. నేను బట్ట టేపు తెచ్చిస్తే మీరు చూసిన చూపు మాత్రం మర్చిపోను.

తెల్లారేసరికి మీ బండి లేదు. మీరన్నట్టే ఉక్కపోత రాత్రుల్లో ఫ్యాన్ హైలోనే ఉంచుతున్నాను. 3 వారాలైంది, మంచు జాడ లేదు. చాలా థాంక్సండీ. మీ స్క్రూడ్రైవర్ నా దగ్గరే ఉండిపోయింది.