మావయ్య నోటుపుస్తకం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. ఇంట్లో అందరం కులాసా. అమ్మాయి పరీక్షలు అయిపోయాయి, నా బదిలీ సంగతి ఇంకా తేలలేదు. ఇప్పుడు రాయవలసింది మావయ్య గురించే. ఆయన పోయిన కబురు ఫోనులో చెప్పాను గాని, పెద్దకర్మ మరునాడు జరిగినది చెప్పలేకపోయాను.

ఆ నల్ల ట్రంకుపెట్టె నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మనమిద్దరం దాని మీద కూర్చుని అగ్గిపెట్టెల టెలిఫోను ఆడుతుంటే, మాట చివర ‘ఓవర్’ అననిదే జవాబు చెప్పనని మావయ్య భీష్మించేవారు కదా! అత్తయ్య తాళం చేతికిచ్చి, ‘నువ్వే తియ్యి నాయనా’ అంది. పైన ఒక ఉన్ని మఫ్లరు, దాని మడతలో 1971 యుద్ధానికి వచ్చిన పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉన్నాయి. చైనా యుద్ధం మరుసటి ఏడు, 1963లో, సైన్యంలో టెలిఫోను, వైర్‌లెస్ చూసే సిగ్నల్స్ విభాగంలో చేరిన మనిషి. డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసిన ఆ యుద్ధం గురించి ఎంత అడిగినా ఆయన చెప్పినది ఒక్కటే. రాత్రిపూట బండి చక్రాల కింద పడి టెలిఫోను తీగ తెగితే, దీపం వెలిగించకూడదు కనుక, తీగను అరచేతిలోంచి జారనిస్తూ చీకట్లో నడిచి, అది ఆగినచోట మోకాళ్ళ మీద వంగి రెండో కొసను తడుముకుని, పళ్ళతో తొడుగు ఒలిచి, ముడివేసి టేపు చుట్టేవారట. ‘అవతల ఎవరో మాట్లాడదామని కూర్చుని ఉంటారు కదరా’ అనేవారు.

1977 నవంబరు 19 ఉప్పెన తరువాత, సెలవు మీద ఇంటికి వచ్చి, ఆ సెలవంతా దివిసీమలోనే గడిపారని అత్తయ్య మొన్ననే చెప్పింది. అక్కడినుంచి వచ్చాక చాలా రోజులు అన్నం ముందు కూర్చుని అలాగే... సరే, అది ఇప్పుడు రాయలేను. పదిహేనేళ్ళ సర్వీసు ముగించుకుని టెలిఫోన్లలో లైన్‌మన్‌గా చేరడం, ముగ్గురు పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు నీకు తెలిసినవే.

నీకూ నాకూ తెలియనిది పెట్టె అడుగున ఉంది. అది అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకున్న ఒక పొడుగు నోటుపుస్తకం. పేజీకి ఒకరు చొప్పున నలభై ఒక్కమంది ఉన్నారు. అందరూ చనిపోయిన జవాన్ల భార్యలు. భర్త సర్వీసు నంబరు, పెన్షను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) నంబరు, డిశ్చార్జి బుక్కులో పేరు ఎలా పడిందో, ఆధార్‌లో ఎలా ఉందో పక్కపక్కనే రాసి, కింద తనకోసం చిన్న గుర్తులు పెట్టుకున్నారు: ‘వేలిముద్ర పడదు’, ‘కుడిచెవి వినబడదు’, ‘కొడుకు ఇంట్లో ఉన్నప్పుడు డబ్బు మాట ఎత్తరాదు’. ఈ చివరిది చదివి నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. ఆయన మధ్యాహ్నాలు సైకిలేసుకుని ఎక్కడికో వెళుతుంటే పేకాటకని అనుకునేవాళ్ళం కదా!

నేను అది చదువుతుండగానే వాకిట్లో ఒక ముసలావిడ ప్లాస్టిక్ సంచితో నిలబడి, ‘మిలటరీ బాబు ఉన్నారా అమ్మా?’ అని అడిగింది. ఆవిడకు కబురు తెలియదు. అత్తయ్య చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. నేను ఆవిడ పేజీ తీశాను. భర్త పెళ్ళి సంగతి సైన్యం రికార్డుల్లో పార్ట్ టూ ఆర్డరుగా, అంటే జవాను కుటుంబ వివరాలు నమోదుచేసే ఉత్తర్వుగా, ఎక్కకపోవడంతో ఆవిడకు కుటుంబ పెన్షను రాలేదు. దానికోసం మావయ్య నాలుగేళ్ళలో ఇరవై రెండు ఉత్తరాలు రాశారు, ప్రతి ఉత్తరం తేదీ అందులో ఉంది. చివరి వరుస: ‘బకాయితో సహా వచ్చింది. బెండకాయలు వద్దన్నాను, సంచిలో వేసేసింది.’

పెన్షనుదారు బతికే ఉన్నట్టు ఏటా నవంబరులో పత్రం ఇవ్వకపోతే డబ్బు ఆగిపోతుంది. ఎనభై దాటినవారికి అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు కనుక వాళ్ళవన్నీ మావయ్య ముగించి టిక్కులు పెట్టారు, మిగతావారి గడులు ఖాళీగా ఉన్నాయి. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి ఆవిడ వేళ్ళు నునుపెక్కిపోయాయి, యంత్రం ముద్ర తీసుకోదు. 2021 నుంచి ఫోనులో ముఖం చూపించినా చాలు గాని, కన్నార్పమని అడుగుతుంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. రెండుసార్లు కుదరలేదు. అత్తయ్య కొంగుతో ఆవిడ కళ్ళు తుడిచి, ‘ఒక్కసారి నావంక చూసి ఆర్పమ్మా’ అంది. మూడోసారి ఫోను అంగీకరించింది. అత్తయ్య మావయ్య కలం తెచ్చి నా చేతిలో పెట్టింది. పదిహేడేళ్ళుగా వరుసగా దిగుతూ వచ్చిన ఆయన టిక్కుల కింద నేను ఒకటి పెట్టాను. చెయ్యి వణికి అది వంకరగా పడింది.

ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు, నెలాఖరుకు తొమ్మిది రోజులే ఉంది. ఆఫీసుకు సెలవు పెట్టి ఇక్కడే ఉండిపోయాను. నలుగురు మీ అత్తవారి వైపు ఊళ్ళవాళ్ళు, నువ్వు ఒక్క రెండు రోజులు రాగలిగితే... పేర్లు విడిగా రాసి పంపుతాను. ‘ఇంట్లో ఉన్నప్పుడు’ అన్న ఆ పేజీ మాత్రం నేనే వెళ్ళి చూసుకుంటాను, ఎందుకంటే ఆ కొడుకును

వాకిట్లో ఎవరో మిలటరీ బాబు గారి ఇల్లు ఇదేనా అని అడుగుతున్నారు. వెళ్ళాలి.

నీ
మిత్రుడు